రాట్నం పక్కన విన్న కీర్తన: పురుషోత్తమ చౌదరి గారి జీవితం

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని మన సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసినప్పుడు విషయం కూడా ఆయనే చెప్పారు. మా బ్యాచ్ వాళ్ళం అందరం రిటైరైపోయాం కాబట్టి, ఈ వయసులో సంతోషంగా ఉండడం గురించి రాయమన్నారు. క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడిని కనుక, మా ఇళ్ళలో కృతజ్ఞత గురించి ఏం నేర్పుతారో చెబితే చదివేవాళ్ళకు కొత్తగా ఉంటుందన్నారు. నాకు ఉపదేశాలు చెప్పడం చేతకాదు. ముప్పై మూడేళ్ళు ఆఫీసులో లెక్కలు రాసినవాడిని. ఎవరి దగ్గర ఎంత తీసుకున్నాం, ఎంత తిరిగి ఇచ్చాం అన్నదే నాకు తెలిసిన విద్య. అందుకని ఉపదేశం మానేసి, మన ప్రాంతంలోనే తిరిగిన ఒక పెద్దాయన జీవితం రాస్తున్నాను. ఆయన పేరు పురుషోత్తమ చౌదరి. తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో ఈ పేరు తెలియనివాళ్ళు తక్కువ. బయట తెలిసినవాళ్ళు అంతకంటే తక్కువ.

ఆయన పాట నాకు మొదట మా నాయనమ్మ నోట వినబడింది. పొందూరులో పుట్టినవాళ్ళకు రాట్నం గురించి నేను చెప్పక్కరలేదు. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వడం, ఏకులను అరటి దొప్పల్లో దాచుకోవడం మనం కళ్ళతో చూసినవే. మా నాయనమ్మ వడికేది. కుడిచేత్తో చక్రం తిప్పుతూ ఎడంచేత్తో నూలు లాగుతుంటే పెదవులు కదిలేవి. చిలపలు ఖాదీ సంఘానికి వేసి తెచ్చుకున్న డబ్బుల్లోంచి మొదట ఆదివారం కానుక పక్కన పెట్టేది. వంటకి బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి వేరే కుండలో పోసేది. పిడికెడు బియ్యం అంటే మా సంఘాల్లో ఆడవాళ్ళు దేవుడి పేర తీసే భాగం. ఆ పూట ఇంట్లో చోడంబలి తప్ప ఇంకేం లేకపోతే, బియ్యం లేవు కదా, ఆ పిడికెడు ఎలా తీస్తావని నేను అడిగేవాణ్ణి. చోడిపిండిలోంచే పిడికెడు తీసి చూపించేది.

రాత్రి కిరసనాయిలు బుడ్డి ఆర్పే ముందు ఆ రోజు ఏమేం దొరికాయో నాయనమ్మ ఒక్కొక్కటి చెప్పి స్తోత్రం చెప్పేది. నూలు తెగకుండా వచ్చినందుకు, పక్కింటివాళ్ళు గుమ్మడికాయ ముక్క ఇచ్చినందుకు, నా జ్వరం తగ్గినందుకు. అది వినీ వినీ నాకు నిద్ర పట్టేది. ఆ లెక్క అయ్యాక ఒక కీర్తన. ఎక్కువగా చౌదరి గారిదే.

ఎనిమిదో తరగతిలో, అంటే 1972లో, ఒకరోజు నా సంచీలోంచి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం కింద పడింది. తెలుగు మాస్టారు చూశారు. ఆయన సంధ్యావందనం చేయనిదే బడికి వచ్చేవారు కాదు. నాకు గుండె దడ. మాస్టారు పుస్తకం తీసి, దుమ్ము దులిపి, పేజీలు తిప్పారు. ప్రతి పాట మీదా రాగం, తాళం వేసి ఉంటాయి, కింద రాసినవారి పేరు ఉంటుంది. ఆయన ఆ రాగాల పేర్లు చదువుకుంటూ పోయారు. ఒక పేరు దగ్గర ఆగి, ఈయన పర్లాకిమిడి వైపు ఆయన కదా అన్నారు. తెలుగు క్రైస్తవ కవుల్లో మొదటి వరసలో చెప్పవలసినవాడని, ఇంట్లో బెంగాలీ మాట్లాడే కుటుంబంలో పుట్టి తెలుగులో పద్యం కట్టాడని క్లాసులో అందరికీ చెప్పారు. నా మొహం చూసి నవ్వారు.

మరునాడు బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తూ పంచచామరం చెప్పారు. జ, ర, జ, ర, జ గణాలు, చివర ఒక గురువు. పాదానికి పదహారు అక్షరాలు, లఘువు తర్వాత గురువు, లఘువు తర్వాత గురువు, చివరిదాకా అంతే. చౌదరి గారికి పంచచామర పద్యములు అనే రచన ఉందని, ఆ వృత్తంలో ఎక్కడా ఊపు చెడకుండా రాయడం తేలిక కాదని అన్నారు. నాకు అది నాయనమ్మ రాట్నం చప్పుడులా వినిపించింది. ఆ సంగతి మాస్టారికి చెప్పాలనుకున్నాను. చెప్పలేదు.

ఇక ఆయన జీవితానికి వస్తాను.

పురుషోత్తమ చౌదరి 1803 సెప్టెంబరు 5న పుట్టారు. తండ్రి కూర్మనాథ చౌదరి, తల్లి సుభద్ర. బెంగాలీ బ్రాహ్మణ కుటుంబం, పర్లాకిమిడి ప్రాంతంలో స్థిరపడింది. అప్పటి హద్దులు వేరు. శ్రీకాకుళం పట్టణం గంజాం జిల్లాలో ఉండేది, మన జిల్లా ఏర్పడింది 1950లో. పర్లాకిమిడి 1936లో ఒరిస్సాలోకి వెళ్ళింది. ఆయన రోజుల్లో ఈ గీతలేవీ లేవు. వంశధార ఇటూ అటూ తెలుగు, ఒరియా కలిసి వినబడేవి, ఇప్పటికీ వినబడతాయి. ఇంటి భాష బెంగాలీ, వీధి భాషలు రెండు, చదువు భాష సంస్కృతం. అలాంటి ఇంట్లో వైష్ణవ భక్తి, కావ్యాలు, రాగాలు, ఛందస్సు అన్నీ కలిసి ఆ కుర్రవాడికి అబ్బాయి. రాధామణి అనే ఆమెతో పెళ్ళయింది.

ఆయనకు ఇరవై తొమ్మిది, ముప్పై ఏళ్ళ వయసులో ఒక చిన్న క్రైస్తవ పుస్తకం చేతికి వచ్చింది. మన తీరంలో అది అప్పటికే విడ్డూరం కాదు. లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు విశాఖపట్నంలో అడుగుపెట్టింది 1805లో. తెలుగులో కొత్త నిబంధన 1818 నాటికి అచ్చయింది. ఆ పుస్తకాలు సంతల్లో, తీర్థాల్లో చేతులు మారేవి. చదివినవాళ్ళలో చాలామంది చదివి పక్కన పడేసి ఉంటారు. ఈయన పడేయలేదు. శ్రీకాకుళంలో హెలెన్ నాట్ అనే దొరసాని దగ్గరికి వెళ్ళి, అడగవలసినవి అడిగి, తెలుగు గ్రంథం తీసుకుని చదివారు. 1833లో బాప్తిస్మం పొందారు.

ఆ ఒక్క వాక్యం వెనక ఎంత ఉందో ఊహించుకోవాలి. ఆ కాలంలో, ఆ కులంలో, అలా వెళ్ళినవాడికి సొంత ఇంట్లో కంచం ఉండదు. బంధువులు దూరమయ్యారు. భార్య మొదట ఆయన దారికి ఒప్పుకోలేదు. కొంతకాలం తర్వాత ఆమె కూడా వచ్చి కలిసింది. కొందరు ఈ ఘట్టాన్ని గొప్ప విజయంలా రాస్తారు. నేను పెళ్ళాం పిల్లలున్నవాణ్ణి కాబట్టి, ఆ మధ్య కాలం ఎలా గడిచిందా అనే నా ఆలోచన పోతుంది. సంతోషం గురించి అన్ని పాటలు రాసిన మనిషికి ఆ రాత్రులు కూడా ఉన్నాయి.

ఆ తర్వాత సుమారు యాభై ఏళ్ళు ఆయన బోధకుడిగా, సంఘకాపరిగా, రచయితగా బతికారు. విశాఖపట్నం, శ్రీకాకుళం, బరంపురం, పర్లాకిమిడి. నాగావళి దాటాలి, వంశధార దాటాలి. కాలి నడక, లేకపోతే బండి. మన పొందూరు మీదుగా రైలు నడవడం ఆయన కళ్ళ చూడలేదు. ఆ లైను పూర్తయింది ఆయన పోయాక, 1890లు గడుస్తుండగా. సంతకు వెళ్ళి నిలబడి మాట్లాడితే వినేవాళ్ళు ఉన్నారు, తిట్టేవాళ్ళూ ఉన్నారు. ఆయన కూడా తక్కువవాడేం కాదు. కులాచార పరీక్షణము అని కులం మీద ఒక పుస్తకం రాశారు. వదిలి వచ్చిన మతం మీద కూడా కొన్నిచోట్ల ఘాటుగానే రాశారు. ఆ మాటలన్నీ ఈనాడు అందరూ మెచ్చుకోవాలని నేను అనను, నాకే కొన్ని మింగుడు పడవు. నిస్తార రత్నాకరము వంటి పద్యరచనలు పండితులు చూసుకోవలసినవి. జనం నోట మిగిలినవి కీర్తనలు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఆయన పేరు కింద వందకు పైగా ఉన్నాయి. లూథరన్లు, బాప్టిస్టులు, దక్షిణ ఇండియా సంఘం వాళ్ళు, ఎవరి ఆరాధన పద్ధతి వారిదైనా ఆ పుస్తకం మాత్రం అందరిదీ.

ఇక్కడ కాస్త నిలబడి చెప్పాలి.

ఆ రోజుల్లో దొరలు తమ ఇంగ్లీషు పాటల రాగాలకు తెలుగు మాటలు అమర్చి పాడించేవారు. మాట తెలుగే, ఊపిరి మాత్రం తెలుగు కాదు. ఎక్కడ దీర్ఘం ఉండాలో అక్కడ కుదించాలి, ఎక్కడ కుదించాలో అక్కడ సాగదీయాలి. చౌదరి గారు తాను చిన్నప్పటి నుంచి విన్న కీర్తన పద్ధతినే తీసుకున్నారు. పల్లవి, అనుపల్లవి, చరణాలు. మన రాగాలు, మన తాళాలు. తాళాలూ డోలకూ ఉంటే చాలు, లేకపోతే అరచేతులు. చదువు రాని ఆడవాళ్ళు ఒకసారి వింటే పల్లవి పట్టుకుంటారు. మా నాయనమ్మ అక్షరం ముక్క చదువుకోలేదు. పుస్తకంలో ఆ పాట ఏ పేజీలో ఉందో ఆమెకు తెలియదు.

ఆయన పాత గుడి వదిలారు, కానీ ఆ ఇంట్లో తల్లిదండ్రులు, గురువులు ఇచ్చిన విద్యను పారేయలేదు. సంస్కృత పదం, భక్తుడు దేవుణ్ణి పిలిచే తీరు, శరణు కోరే తీరు, శతకం, వృత్తం, అన్నీ వెంట తెచ్చుకున్నారు. యేసుక్రీస్తు ప్రభు మీద శతకం కట్టారు. ఆర్.ఆర్. సుందరరావు గారు తెలుగు క్రైస్తవ కీర్తనల్లోని భక్తి మీద 1983లో ఇంగ్లీషులో ఒక పుస్తకమే వెలువరించారు, అందులో చౌదరి గారిది పెద్ద పీట. పండితులు దాన్ని ఏ పేరుతో పిలిచినా, నాకు అర్థమైంది ఇంతే. మనకు చదువు చెప్పినవాళ్ళతో మన నమ్మకం కలవకపోవచ్చు, వాళ్ళు ఇచ్చిన చదువు మాత్రం మన చేతుల్లో పనిచేస్తూనే ఉంటుంది. వాళ్ళకు రుణపడి ఉన్నానని ఒప్పుకోవడానికి చౌదరి గారు సిగ్గుపడలేదు. పాట ఎత్తుకుంటే చాలు, అది ఎక్కడి నుంచి వచ్చిందో వినేవాడికి తెలిసిపోతుంది.

ఇంకో సంగతి. ఆయన కీర్తనల్లో ఎక్కువమంది నోట ఉన్న వాటిలో ఒకటి త్రాహిమాం అని మొదలవుతుంది. త్రాహిమాం అంటే నన్ను కాపాడు అని. అది పాత స్తోత్రాల్లోని సంస్కృత మాట. చిన్నప్పుడు వాళ్ళ ఇంట్లో ఎన్నిసార్లు విని ఉంటారో. కృతజ్ఞత గురించి మాట్లాడుతూ ఈ పాట ఎందుకు తెచ్చానంటే, దానికి నా సొంత కారణం ఉంది.

నాలుగేళ్ళ క్రితం నా భార్య కాలం చేసింది. మూడు వారాలు ఆసుపత్రిలో ఉంది. భూస్థాపన రోజు అందరూ వచ్చి, అన్నిటికీ స్తోత్రం చెప్పాలి అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. నాకు మాత్రం ఆ మాట నోట రాలేదు. ఆ తర్వాత ఏడాదిన్నర నేను ఇంట్లో స్తోత్రం అనే మాట పలకలేదు. గుడికి వెళ్ళేవాణ్ణి, పెదవులు కదిపేవాణ్ణి. రాత్రి పడుకునే ముందు నాయనమ్మ చెప్పిన లెక్క మొదలుపెడితే మొదటి మాట దగ్గరే ఆగిపోయేది. లెక్కల గుమస్తాకు లెక్క తేలకపోవడం అంటే ఏమిటో మీరు అర్థం చేసుకోగలరు.

ఒకరోజు సాయంత్రం కరెంటు పోయింది. చీకట్లో కూర్చుని ఉన్నాను. త్రాహిమాం కీర్తన దానంతటదే వచ్చింది, నాయనమ్మ పాడినంత నెమ్మదిగా. అందులో బాగున్నాను అనే అబద్ధం చెప్పనక్కరలేదు. కాపాడమని అడగడమే. అడుగుతున్నానంటే ఎవరో వింటున్నారని ఎక్కడో నమ్ముతున్నట్టే కదా. కీర్తన కట్టడంలో ఒక గమ్మత్తు ఉంది. ప్రతి చరణం తర్వాతా మళ్ళీ పల్లవికి రావాలి. చరణంలో ఏం చెప్పినా సరే. తిరిగి వస్తూ వస్తూ ఉంటే గొంతు అలవాటు పడుతుంది, మనసు తర్వాత వస్తుంది. ఆ రాత్రి నేను ఒక్కదానికి మాత్రం స్తోత్రం చెప్పగలిగాను. మా పెళ్ళయిన కొత్తలో తను నా కోసం పొందూరు ఖాదీ చొక్కా గుడ్డ కొని తెచ్చింది, అందుకు. మరునాడు రెండు. ఇప్పటికీ కొన్ని రోజులు రెండు దగ్గరే ఆగుతాను.

చౌదరి గారు ఎప్పుడూ నవ్వుతూ ఉండేవారని కొందరు ప్రసంగాల్లో చెబుతారు. నేనలా అనుకోను. 1866లో ఒరిస్సాలో, గంజాంలో పెద్ద కరువు వచ్చింది. అప్పటికి ఆయనకు అరవై దాటాయి. ఎన్నాళ్ళుగానో ఆయన తిరిగిన ఊళ్ళు అవి. ఆ సంవత్సరం చూసిన మనిషి ఆనందం అనే మాట రాస్తే, ఊరికే రాయడు. ఆ కరువు దాటిన తరం నుంచే ఈ పాటలు మా ఇళ్ళకు వచ్చాయి. అందుకే కాబోలు, వాటిలో అన్నం గురించి, ఊపిరి గురించి చెప్పే కృతజ్ఞత తేలిగ్గా ఉండదు.

వృద్ధాప్యం దాకా ఆయన పని మానలేదు. ఎనభై ఏడో ఏడు నిండవస్తుండగా, 1890 ఆగస్టు 24న కన్నుమూశారు. మరో పన్నెండు రోజులుంటే పుట్టినరోజు. అప్పటికి మన గిడుగు రామమూర్తి గారికి ఇరవై ఏడు నిండబోతున్నాయి, ఆయన కార్యక్షేత్రం కూడా పర్లాకిమిడే. ఆ ఊరికి తెలుగు భాష ఎంత రుణపడి ఉందో చెప్పడానికి ఈ రెండు పేర్లు చాలు. సెప్టెంబరు 5 అంటే ఇప్పుడు మనకు ఉపాధ్యాయ దినోత్సవం. చౌదరి గారి పుట్టినరోజు అదేనని తెలిసినప్పటి నుంచి ఆ రోజు నాకు తెలుగు మాస్టారు గుర్తొస్తారు.

మాస్టారికి నేను ఎప్పుడూ కృతజ్ఞత చెప్పలేదు. ఆ రోజు ఆయన ఆ పుస్తకాన్ని విసిరేసి ఉంటే, లేదా ఏమీ అనకుండా తిరిగి ఇచ్చేసి ఉంటే, నేను బడిలో ఇంకో రకంగా పెరిగి ఉండేవాణ్ణి. నా ఇంటి పాట కూడా పద్యాల మధ్య కూర్చోబెట్టదగ్గదేనని పదమూడేళ్ళ వయసులో నాకు తెలిసింది. ఉద్యోగం వచ్చాక వెళ్ళి కలవాలనుకున్నాను. బదిలీలు, పిల్లల చదువులు. ఆయన పోయిన సంగతి పది రోజులకు తెలిసింది.

మొన్న సంక్రాంతికి పొందూరు వచ్చినప్పుడు మాస్టారి ఇంటికి వెళ్ళాను. అమ్మగారు ఉన్నారు. ఎనభై ఎనిమిదేళ్ళు, చూపు తగ్గింది. నేనెవరో చెప్పాను, కీర్తనల పుస్తకం సంగతి చెప్పాను. ఆమెకు ఆ విషయం తెలియదు. పంచచామరం మాత్రం తెలుసు, ఆయన స్నానం చేస్తూ కూడా వల్లించేవారట. ఆ చౌదరి గారి పాట ఒకటి పాడమన్నారు. నాది పాడే గొంతు కాదు. అయినా త్రాహిమాం ఎత్తుకున్నాను. ఆమె కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టారు. రెండో చరణంలో నేను తాళం తప్పాను. ఆమె చెయ్యి ఆపి, మళ్ళీ పల్లవి నుంచి అందుకోమన్నారు. అందుకున్నాను. అయ్యాక, తన పుట్టిల్లు కూడా పర్లాకిమిడేనని చెప్పి, కోడల్ని పిలిచి నాకు అరిసెలు పెట్టమన్నారు.